కంచరగాడిద ఏడో పేజీ

సంగీతం టీచర్లుగా చేరబోతున్న పిల్లలూ, మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు. హెడ్మాస్టరు అడగొచ్చు, పక్క క్లాసు టీచర్ అడగొచ్చు, మీ సొంత అత్తగారే అడగొచ్చు. "ఇదంతా ఇప్పుడు ఎవరికి కావాలి?" అంటారు. నన్ను ఉద్యోగం చేసినన్నాళ్ళూ అడిగారు. మొదట్లో పాపం ఓపిగ్గా జవాబు చెప్పేదాన్ని. సంగీతం వల్ల పిల్లలకి లెక్కలు బాగా వస్తాయనీ, జ్ఞాపకశక్తి పెరుగుతుందనీ ఏవేవో చెప్పేదాన్ని. తర్వాత అవన్నీ మానేసి "నాకు కావాలి" అనడం మొదలుపెట్టాను. ఆ మాట అన్నాక ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. మీరూ అనండి, నేర్పుతున్నాను.

నేను తమిళనాడులో, విరుదునగర్‌లో ఒక బడిలో పియానో టీచర్‌గా చేసి రిటైరయ్యాను. ఇల్లు కోవిల్‌పట్టి. రోజూ పొద్దున బస్సెక్కి, సాత్తూరు దాటి విరుదునగర్ పోవడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. మా ఇంట్లో తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం ఎవరికీ రాదు. వీధిలోకి వస్తే తమిళం. పుస్తకాల తెలుగు నాకు నెల్లూరులో చేసిన తొలి ఉద్యోగం నేర్పింది. అందుకే ఇది ఇలా రాయగలుగుతున్నాను. మా ఇంటి తెలుగు వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, మాకేం తక్కువ కాదు.

మా అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లల్ని చట్రంలో పేర్చే పని చేసేది. సెలవుల్లో నేనూ పేర్చేదాన్ని. నేను రిటైరైన ఆ విరుదునగర్ బడిని అప్పట్లో ఇటలీ సన్యాసిని ఒకామె నడిపేది. మేమంతా ఆమెను మదర్ అనేవాళ్ళం. ఒకరోజు ఆమె మా పేటకి వచ్చి, నేను పుల్లలు పేరుస్తుంటే చాలాసేపు చూస్తూ నిలబడింది. "దీని రెండు చేతులూ వేరువేరు పనులు చేస్తున్నాయి, చూశావా?" అని మా అమ్మని అడిగింది. మా అమ్మకేం అర్థం కాలేదు, పిల్ల తప్పు చేసిందేమోనని భయపడింది. ఆ వారమే మదర్ నన్ను బడిలో చేర్చుకుని పియానో ముందు కూచోబెట్టింది. మా పెద్దనాన్న ఇంటికొచ్చి మరీ అరిచాడు. "అగ్గిపుల్లలు పేర్చే దానికి పియానో ఏంటికి? రాజుగారింటికి కోడలుగా పంపిస్తారా?" అన్నాడు. మా అమ్మ ఆయనకి కాఫీ ఇచ్చి పంపేసింది.

మదర్ నాకు నేర్పిన పాటలు ఎవరూ పేరు వినని వాళ్ళవి. ఆమె ఇటలీ నుంచి వచ్చేటప్పుడు పెట్టెలో తెచ్చుకున్నవి, ఆమె కొండ ఊరివాళ్ళు రాసినవి. అక్కడే ఒక చిన్న ప్రెస్సులో అచ్చు వేసుకున్నారట. ఒకాయన మందుల షాపు నడిపేవాడు. ఒకాయన చర్చిలో ఆర్గన్ వాయించి, తనే గంటలూ కొట్టేవాడు. ఒకావిడ తన పేరు వేస్తే ఎవరూ కొనరని పొడి అక్షరాలు మాత్రం వేయించుకుంది. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. ఈ కథలో ఎవరికీ పేర్లు లేవు, వాళ్ళకి మాత్రం ఎందుకు?

"పెద్దవాళ్ళని అందరూ వాయిస్తారు. మావాళ్ళని నువ్వు వాయించు," అనేది మదర్ తన ఇటలీ యాస తమిళంలో. ఆ మాట నాకు నచ్చింది. నన్నూ ఎవరూ లెక్కలోకి తీసుకోనప్పుడు ఆమె తీసుకుంది కదా!

వాటిలో నాకు ప్రాణం కంచరగాడిద పాట. మందుల షాపాయన రాసింది. బరువు మోసుకుంటూ ఒక కంచరగాడిద కొండెక్కుతుంది. ఎడమచెయ్యి దాని అడుగులు, కుడిచెయ్యి దాన్ని తోలేవాడి అరుపులు. ఆరో పేజీ చివరికొచ్చేసరికి అది కొండ మధ్యలో ఆగిపోతుంది. ఎంత అదిలించినా కదలదు. ఏడో పేజీలో, తోలేవాడు అరిచి అరిచి అలిసిపోయాక, దానంతట అదే నడవడం మొదలుపెడుతుంది. మదర్ ఆ ఆగే చోటికొచ్చినప్పుడల్లా నావైపు చూసి నవ్వేది. మా ఇంట్లో నన్ను మొండిది అంటారని ఆమెకి ఎవరు చెప్పారో!

మదర్ తన పుస్తకాలు అడిగిన వాళ్ళందరికీ ఇచ్చేసేది. ఆమె పోయేనాటికి బీరువాలో సగం కూడా లేవు. కంచరగాడిద కూడా లేదు. అప్పటికి నేను నెల్లూరు నుంచి వచ్చి ఆ బడిలోనే టీచర్‌గా చేరాను గనక, ఆ బీరువా తాళం నా చేతికి వచ్చింది. అప్పటినుంచి ప్రతి వేసవి సెలవుల్లోనూ నా పని వాటిని వెతకడమే. మదర్ పనిచేసిన బడులు, ఆమె శిష్యులు ఉన్న కాన్వెంట్లు, చర్చిలు, ఒక్కోటీ తిరిగాను. తిరునల్వేలి దగ్గర ఒకచోట కుంటి స్టూలు కాలు కింద పెట్టారు ఒక పుస్తకాన్ని. ఇంకోచోట పటం వెనక అట్టగా అంటించారు. ఒక ముసలి ఫాదర్ అయితే విసనకర్రగా వాడుకుంటున్నాడు. కరెంటు పోయినప్పుడు దీన్ని మించింది లేదని నాకే చెప్పాడు. ఆయనకి తాటాకు విసనకర్ర కొనిచ్చి అది తెచ్చుకున్నాను. కంచరగాడిద మాత్రం ఏళ్ళ తరబడి దొరకలేదు. చివరికి కొడైకెనాల్ దారిలో ఒక కాన్వెంటులో పాడైపోయిన హార్మోనియం కింద కనబడింది. ఏ స్వరానికి ఏ వేలు పెట్టాలో మదర్ పెన్సిల్‌తో వేసిన అంకెలు చెక్కుచెదరలేదు. అక్కడే నేల మీద కూచుని ఏడ్చాను. కాన్వెంటు వాళ్ళు నాకు మజ్జిగ ఇచ్చి, ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగారు.

ఇప్పుడు మీరు ఫోన్ తీసి, ఇవన్నీ ఇంటర్నెట్‌లో ఉంటాయి కదా టీచర్ అంటారు. నేను వెతక్కుండా ఉంటానా? మందుల షాపాయన పేరు కొడితే ఆయన ఊళ్ళో అదే పేరుతో ఒక చెప్పుల కొట్టు ఉందని వచ్చింది. అంతే.

నా సర్వీసు ఆఖరి సంవత్సరానికి సన్యాసినులు తగ్గిపోయి, బడి ఒక ట్రస్టు చేతికి వచ్చింది. కొత్త కరస్పాండెంటుగారు మంచి బట్టలు వేసుకునే మనిషి. వచ్చిన నెలలోనే సంగీతం గది చూసి, "ఇక్కడ స్మార్ట్ క్లాసు పెడదాం టీచర్. మీరు ఎలాగూ రిటైరవుతున్నారు," అన్నాడు. నేను రిటైరవుతున్నాను సరే, పియానో రిటైరవుతోందని ఎవరు చెప్పారు అన్నాను. ఆయన నవ్వాడు. పియానోని మదురైలో ఒక హోటల్ వాళ్ళు అడుగుతున్నారట, ముందు హాల్లో పూలకుండీ పెట్టుకోవడానికి బాగుంటుందట. ఒళ్ళు మండిపోయింది నాకు.

అదే సమయంలో నా కంట్లో శుక్లం ముదిరి మదురైలో ఆపరేషన్ చేయించుకున్నాను. కొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నారు. తిరిగి బడికి వెళ్ళేసరికి సంగీతం గది గోడలకి కొత్త రంగు వేసి ఉంది. పియానో ఒక మూల దుప్పటి కప్పుకుని ఉంది. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఒక్క కాగితం లేదు. ఆఫీసుకి పరిగెత్తాను.

మా ప్రాంతం సంగతి ఒకటి తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా దగ్గర పిల్లలు రాసేసిన నోటు పుస్తకాలు చెత్తలోకి పోవు. ఏటా పరీక్షలు అవగానే బడులన్నీ వాటిని పాత కాగితాల షాపుకి వేస్తాయి. అక్కడినుంచి సాత్తూరు చుట్టుపక్కల పల్లెలకి పోతాయి. అక్కడి ఆడవాళ్ళు వాటిని టపాకాయల గొట్టాలుగా చుడతారు. దేశమంతా దీపావళికి కాల్చే టపాకాయల్లో మా పిల్లల ఇంపోజిషన్లు, గుణింతాలు ఉంటాయి.

మా ఆఫీసు క్లార్కు మంచివాడే, పనిమంతుడు. గర్వంగా చెప్పాడు. "ఆఫీసులో ఉన్న రెండో తాళంతో తీసి బీరువా నేనే ఖాళీ చేయించాను టీచర్. అన్నీ ఫోర్‌లైన్ నోట్లే. లోపల పిల్లలు ఏవో సున్నాలు చుట్టి పెట్టారు."

"అవి ఐదు గీతలయ్యా, పియానో స్వరాలు!" అని అరిచాను.

"ఒక గీత ఎక్కువుంటే ఏమైంది టీచర్?" అన్నాడు నిజంగానే తెలియక.

పక్కనే ఉన్న లెక్కల టీచర్ నా చెయ్యి పట్టుకుని కుర్చీలో కూచోబెట్టింది. ఇరవై ఏళ్ళ స్నేహం మాది. ఆమె ఇంట్లో తమిళం, నాతో కూడా తమిళమే. కరస్పాండెంటుగారు గదిలోంచి బయటికి వచ్చి విషయం విని, "పాత కాగితాలే కదా టీచర్. ఆ పేర్లు ఇటలీలో కూడా ఎవరికీ తెలియవని మీరే చెప్పారు కదా," అన్నాడు.

"అందుకే సార్," అన్నాను లేచి నిలబడి. "తెలిసినవాళ్ళని ప్రపంచమంతా చూసుకుంటుంది. వీళ్ళకి ఉన్నది నేనొక్కదాన్నే." సెలవు చీటీ కూడా రాయకుండా బయటికి నడిచాను. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, దుమ్ములో తిరగొద్దని డాక్టరు చెప్పిన కంటితో, నేరుగా బజార్లో కాగితాల షాపుకి పోయాను.

షాపాయన గుర్తుపట్టాడు. "పసుపు రంగు లావు కాగితమా అమ్మా? అబ్బ, ఏం కాగితం! ఇప్పుడలాంటి సరుకు వస్తుందా? సగానికి కోసి సాత్తూరు పక్క పల్లెకి పంపేశాం," అన్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ కంపోజర్లకి దక్కిన మొదటి మెచ్చుకోలు అదే. పల్లె ఎక్కడో అడిగి తెలుసుకుని బస్సెక్కాను.

ఆ పల్లెలో ఒక ఇంటి ముందు పందిరి కింద నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు కూచుని గొట్టాలు చుడుతున్నారు. ఒక సన్నటి ఇనుప కడ్డీ మీద కాగితం పెట్టి, అంచుకి మైదా జిగురు రాసి, అరచేత్తో ఒక్క తోపు తోస్తే గొట్టం తయారు. పక్కన చాపల మీద గొట్టాలు ఎండుతున్నాయి. నన్ను చూడగానే అందరి చేతులూ ఆగాయి. నల్లకళ్ళద్దాలు, జరీ అంచు చీర, చేతిలో సంచి. నేను తమిళంలో నమస్కారం చెప్పేలోపే వాళ్ళలో పెద్దామె పక్కామెతో తెలుగులో గొణిగింది.

"ఆపీసరమ్మ మాదిరి ఉండాది. బిడ్డల్ని లోపలికి పొమ్మను. ఏమడిగినా తెలీదని సొల్లు." పిల్లల చేత పని చేయిస్తున్నారేమో చూడ్డానికి వచ్చిన ఆఫీసర్ననుకుంది; సొల్లు అంటే తమిళంలో చెప్పు అని.

"నేను ఆపీసర్ని కాదక్కా," అన్నాను మా ఇంటి తెలుగులోనే. "కన్నుకి ఆపరేసన్ చేసిండారు. దానికోసరం ఈ అద్దాలు."

వాళ్ళు ఒక్క క్షణం నోళ్ళు తెరిచి, ఆ తర్వాత పకపకా నవ్వారు. "అయ్యే, మనోళ్ళే! యా ఊరు మీది?"

"కోవిల్‌పట్టి. మా యమ్మ అగ్గిపెట్టెల పాక్టరీలో పుల్లలు పేరస్తా ఉండె."

అంతే, చాప వేశారు, మంచినీళ్ళు ఇచ్చారు. ఆ పెద్దామెకి నా వయసే ఉంటుంది. నేను ఆమెను గొట్టాలక్క అంటాను, ఇప్పటికీ అలాగే పిలుస్తాను. సంగతంతా చెప్పాను. ఆమె లోపలికి పోయి ఒక కట్ట ఎత్తుకొచ్చి నా ముందు పడేసింది. అవే. సగానికి కోసి ఉన్నాయి, కానీ అవే. మదర్ పెన్సిల్ అంకెలు చూసేసరికి ఆపరేషన్ చేసిన కంట్లోంచి నీళ్ళు కారడం మొదలైంది. కట్టని ఒళ్ళోకి లాక్కున్నాను.

గొట్టాలక్క మెల్లిగా దాన్ని నా ఒళ్ళోంచి తీసి తన పక్కన పెట్టుకుంది.

"టీచరమ్మా, మీ బాద నాకు తెలస్తా ఉండాది. అయితే ఇవి నావి కాదు. ఏజెంటు కాయితం తూచి యిస్తాడు, గొట్టం తూచి ఎత్తకపోతాడు. తక్కువైతే రేపటినుంచి మాకు పనియ్యడు. మీ పాటల కోసరం మా బిడ్డలు పస్తుండాల్నా?"

ఆమె చెప్పింది న్యాయం. మా అమ్మ అయినా అదే మాట అనేది. "తూకానికి తూకం ఇస్తే?" అన్నాను.

"ఈ మాదిరి లావు కాయితమే కావల్ల. పలసన కాయితం తెస్తే గొట్టం నిలవదు. రేపు పగటికి బండొస్తాది. అది వచ్చే లోపల తెచ్చేస్తే, ఇది మీది."

"చుట్టొద్దక్కా, రేపటిదాకా దీన్ని చుట్టొద్దు."

"మాటిచ్చినా కదా! పోయి కాయితం తేండి," అంది. తర్వాత చాప మీద ఎండుతున్న గొట్టాలవైపు చూసి కొంచెం నొచ్చుకుంటూ చెప్పింది. "వెనకపక్క తెల్లంగా ఉండే కాయితాలు మొన్ననే చుట్టేస్తిమి. వాటికి జిగురు బాగా పడతాది. అవి పోయిండాయి." ఆ మాట అర్థం ఏమిటో నాకు అప్పుడు తట్టలేదు.

ఇంటికి వచ్చి లావు కాగితం కోసం ఇల్లంతా వెతికాను. నా సొంత బీరువాలో ఉన్నది ఒక్కటే సరుకు. పెద్దవాళ్ళ పుస్తకాలు. జర్మనీ పెద్దాయనలు, వియన్నా పెద్దాయనలు, చాక్లెట్ డబ్బాల మీద బొమ్మలు పడే అంతటి వాళ్ళు. విదేశాల నుంచి తెప్పించుకున్న ఆల్బమ్‌లు, మంచి దళసరి కాగితం. నేను పరీక్షలు పాసయినవి, పిల్లల చేత పరీక్షలు రాయించినవి. నేల మీద పరిచి చూసుకున్నాను. వాటిని ప్రేమించలేదని అబద్ధం చెప్పను. చాలా ప్రేమించాను. కానీ ఈ పెద్దాయనలు ఏ ఊళ్ళో అడిగినా దొరుకుతారు, ఏ ఫోన్‌లో నొక్కినా పలుకుతారు. మందుల షాపాయన ఎక్కడ దొరుకుతాడు? అన్నీ గోనెసంచిలో కుక్కాను.

మర్నాడు లెక్కల టీచర్ కూడా సెలవు పెట్టి సాత్తూరు బస్టాండులో నన్ను కలిసింది. సంచిలోకి తొంగి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "నీకు మతి పోయిందా టీచర్? ఇది నువ్వు ఫస్టు క్లాసులో పాసైన పుస్తకం!"

"ఆయన మళ్ళీ దొరుకుతాడులే. సంచి అవతలి కొస పట్టుకో."

"ఇంత పేరున్నవాళ్ళని టపాకాయల్లో చుట్టిస్తావా?"

"పేరున్నవాళ్ళు కదా, గట్టిగానే పేలతారు," అన్నాను. ఆమె బస్సులో సగం దారి నవ్వుతూనే ఉంది, సగం దారి నన్ను తిడుతూనే ఉంది.

గొట్టాలక్క పందిరికి తక్కెడ కట్టింది. ఒక పక్క మదర్ కట్ట, ఒక పక్క పెద్దాయనలు. అక్క ఒక్కో పుస్తకం అట్ట చించి, కాగితాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి మరీ వేసింది. తూకం కొంచెం తగ్గింది. నా దగ్గర బడి సావనీరు ఒకటుంది, కరస్పాండెంటుగారి ఫోటోలు పేజీ పేజీకీ ఉన్నది. అది తీసి ఇచ్చాను. అక్క దాన్ని చేత్తో నిమిరి వెనక్కి ఇచ్చేసింది.

"ఇది వొద్దు. జారతా ఉండాది. దీనికి జిగురు నిలవదు."

లెక్కల టీచర్ పైటచెంగు నోట్లో కుక్కుకుని పక్కకి తిరిగింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, తూకం ఇంకా తక్కువే ఉంది. నా చేతిసంచిలో ఒక్క పుస్తకం మిగిలింది. పెద్దాయనలలో నాకు బాగా ఇష్టమైన ఆయనది. దాన్ని గోనెసంచిలో వెయ్యలేక విడిగా తెచ్చుకున్నాను, అవసరం పడకపోతే ఇంటికి తీసుకుపోదామని. మదర్ నా పరీక్ష రోజున ఇచ్చిన పుస్తకం అది. తీశాను. మొదటి పేజీ మీద ఆమె రాసిన మాట ఒకసారి చదువుకున్నాను. ఆ పేజీ చింపుకుందామా అనుకున్నాను, అప్పుడు తూకం మళ్ళీ తగ్గుతుంది. మొత్తం తక్కెడలో పెట్టేశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. తక్కెడ సమానంగా నిలబడింది.

"ఎత్తకపో టీచరమ్మా," అంది గొట్టాలక్క. ఒక డబ్బాలో మైదా జిగురు కూడా పోసి ఇచ్చింది. "సగం సగంగా కోసిండారు కదా, అతికించాల్నంటే ఇదే మంచిది. మేం అతికిస్తే ఊడదు."

వారం రోజులు మా ఇంటి నేల మీద కాలు పెట్టడానికి చోటు లేదు. పై సగానికి కింది సగం వెతికి జత చెయ్యడం నా పని. మదర్ అంకెలు చాలా సాయం చేశాయి, పైన ఆమె చూపుడువేలితో ఆపితే కింద బొటనవేలితో మొదలవుతుంది. ఆర్గన్ ఆయన దాదాపు మొత్తం దొరికాడు. పొడి అక్షరాల ఆవిడ ఒక్క చోట చిరిగింది. కంచరగాడిద ఒకటో పేజీ నుంచి ఆరో పేజీ దాకా వచ్చింది. ఏడోది లేదు. అన్ని కాగితాలూ మళ్ళీ మళ్ళీ తిరగేశాను. అప్పుడు గొట్టాలక్క చెప్పిన మాట తట్టింది. ఏడో పేజీయే ఆఖరి పేజీ, దాని వెనక ఏమీ అచ్చు లేదు. వెనకపక్క తెల్లగా ఉండేవి ముందే చుట్టేశారు. నా కంచరగాడిద కొండ మీద ఆగిపోయింది, కదిలే పేజీ ఏ టపాకాయలోనో చేరిపోయింది.

నా వీడ్కోలు సభకి కరస్పాండెంటుగారే అధ్యక్షుడు. పియానో మదురై పోయేది ఆ మర్నాడే. "ఆఖరిసారిగా ఒక మంచి సినిమా పాట వాయించండి టీచర్, అందరికీ తెలిసింది," అన్నాడు మైకులో. నేను పియానో ముందు కూచుని కంచరగాడిద మొదలుపెట్టాను. జిగురు అంటిన కాగితాలు స్టాండు మీద బరువుగా నిలబడ్డాయి. హాల్లో పిల్లలు మొదట గుసగుసలాడారు, తర్వాత ఆగారు. ఆరో పేజీ చివరికి వచ్చాను. కంచరగాడిద ఆగింది. నేనూ చేతులు పైకి ఎత్తి అలాగే ఉండిపోయాను.

కరస్పాండెంటుగారు చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడు గనక అందరూ కొట్టారు.

నేను లేచి మైకు తీసుకున్నాను. "ఇంకా అయిపోలేదు సార్. దీనికి ఏడో పేజీ ఉంది. దాన్ని మీరు అమ్మేశారు."

ఆయన శాలువా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. క్లార్కు తల వంచుకున్నాడు, అతన్ని చూసి మాత్రం నాకు జాలేసింది. శాలువా నేనే ఆయన చేతిలోంచి తీసుకుని మడత పెట్టి, కాగితాలు సంచిలో పెట్టుకుని దిగిపోయాను. గేటు దాకా లెక్కల టీచర్ నా వెంటే వచ్చింది. "ఏడో పేజీ నీకు రాదా? చిన్నప్పటినుంచీ వాయిస్తున్నావు కదా!" అంది.

"కంఠతా వచ్చు," అన్నాను. "వాళ్ళకి మాత్రం ఇవ్వను."

అది మొండితనమే. అందుకు నాకు ఇప్పటికీ చింత లేదు. అమ్ముకున్నవాళ్ళకి ఊరికే ఎందుకు ఇవ్వాలి?

రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఇంట్లోకి కరెంటు పియానో ఒకటి కొనుక్కున్నాను. ఏడో పేజీ రాసిపెడదామని బజారుకి పోతే కోవిల్‌పట్టిలో ఐదు గీతల కాగితం ఎక్కడా దొరకలేదు. ఫోర్‌లైన్ నోటు కొన్నాను. స్కేలు పెట్టి ప్రతి వరసకీ ఒక గీత ఎక్కువ గీసుకున్నాను. మా క్లార్కు చెప్పినట్టు, ఒక గీత ఎక్కువుంటే ఏమైంది? దాని మీద నా వేళ్ళకి గుర్తున్నదంతా రాశాను, మదర్ అంకెలతో సహా. ఎవరైనా అడిగితే జెరాక్స్ తీసి పంపిస్తున్నాను. ఇద్దరు అడిగారు. అడిగేవాళ్ళుంటే మీరూ అడగండి.

కిందటి దీపావళి ముందు గొట్టాలక్క కూతురి కాన్పు కోసం కోవిల్‌పట్టి ఆసుపత్రికి వచ్చి, మా ఇంటికీ వచ్చింది. కడలమిఠాయి, అదే మీ పల్లీ చిక్కీ, పెట్టి కాఫీ ఇచ్చాను. ఆమె పియానోవైపు చూసి, "ఆ పొద్దు తూచి ఎత్తకపోతివే, అదేందో వాయించు, చూస్తాను," అంది. నేను ఏడు పేజీలూ వాయించాను. ఆరో పేజీ చివర కొద్దిసేపు ఆగి, ఏడోది మొదలుపెట్టి, కంచరగాడిదని కొండమీదికి చేర్చి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఆమె మొహం చూడటానికి భయమేసింది. ఏ కరస్పాండెంటు ముందూ వెయ్యని భయం.

"ఇంతేనా?" అంది గొట్టాలక్క.

"ఇంతే అక్కా."

ఆమె మిఠాయి ముక్క నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది. "నడుమన నిలిచిపోయె చూడు, అప్పుడు నాకు బయమేసె. ఇంగ కదల్దేమో అనుకుంటిని," అంది. తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఇంగో తూరి వాయించు. ఆడ తొందరపడొద్దు. ఇంగా కొంచేపు నిలబడనీ దాన్ని. దానికి ఇస్టమైనప్పుడు కదల్తాది."